రాజలక్ష్మి రాని పదిహేను రోజులు

మా డిపో గోడకు టాబ్లెట్ బిగించిన రోజు దాని ముందు కొబ్బరికాయ కొట్టింది నేనే. నా పేరు కుప్పుసామి. సౌకార్‌పేట సందులు ఊడ్చేవాళ్లకు మేస్త్రీని. ఇరవై తొమ్మిదేళ్లుగా పొద్దున్నే ఆరింటికి డిపో వాకిట్లో నిలబడి, వచ్చినవాళ్ల పేర్లు హాజరు పుస్తకంలో రాస్తూ వచ్చాను. ఇక ఆ పని గోడ మీది పలక చేస్తుందన్నారు. ఎవరి నంబరు వాళ్లు నొక్కాలి, ముఖం చూపించాలి. పచ్చ గీత వస్తే హాజరు. ఎర్ర గీత వస్తే మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా రానట్టే లెక్క.

దాన్ని తెచ్చింది మా ఆఫీసరమ్మ నివేదిత. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మూడు తరాలుగా మైలాపూర్‌లో ఉన్న తెలుగువాళ్ల పిల్ల. ఆమె మీద నాకు కోపం ఉండాలి గానీ లేదు, ఎందుకంటే ఆమె చెప్పిన కారణం నిజం. రాని మనుషుల్ని వచ్చినట్టు రాసే మేస్త్రీలు మాలో చాలామంది ఉండేవాళ్లు. నేనూ ఏం తక్కువ తినలేదు. జ్వరం వచ్చిన మనిషికీ, బిడ్డను బడిలో చేర్చడానికి వెళ్లిన మనిషికీ పేరు రాసేసేవాణ్ణి. దాన్ని దయ అనుకునేవాణ్ణి. మిగతా మేస్త్రీలు కూడా తాము చేసేదానికి ఏదో ఒక మంచి పేరు పెట్టుకునే చేసేవాళ్లు.

"ఇదొచ్చినాక ఎవరూ ఎవర్నీ బతిమాలాడే పని లేదు మేస్త్రీ" అంది నివేదిత ఆ రోజు. "వచ్చినారా, ముఖం చూపించినారా, అంతే. పర్మనెంట్ లిస్టు గూడా దీంట్లోంచే డైరెక్టుగా పైకి పోతాది. మధ్యలో వేలు పెట్టేదానికి ఎవరికీ వీల్లేదు. నాకు గూడా."

ఆ చివరి మాట ఎంత గర్వంగా చెప్పిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. చేతిలో ఉన్న అధికారాన్ని తనంతట తానే వదులుకున్న ఆఫీసర్ని నేను అంతకుముందు చూడలేదు. మేమందరం చప్పట్లు కొట్టాం. తర్వాత తన ఫోన్ నంబరు మా అందరికీ ఇచ్చి, ఏ సమస్య వచ్చినా చేయమంది.

పర్మనెంట్ లిస్టు అంటే ఏమిటో చెప్పాలి. మా దగ్గర ఊడ్చేవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు కంపెనీ మనుషులు. కంపెనీ మారినప్పుడల్లా వాళ్ల బతుకు గేటు బయటికి వస్తుంది. ఈసారి మాత్రం, ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఏడాదిలో రెండు వందల నలభై రోజులు టాబ్లెట్‌లో హాజరు ఉన్నవాళ్లను, నలభై అయిదేళ్లు దాటకపోతే, పర్మనెంట్ చేస్తామన్నారు.

రాజలక్ష్మికి నలభై నాలుగు నిండాయి. ఈ లిస్టు దాటిపోతే ఆమెకు ఇంకో లిస్టు లేదు.

తొమ్మిదేళ్లుగా హోల్‌సేల్ గాజుల కొట్లుండే సందు ఆమెది. రెండుసార్లు కంపెనీ మారింది. రెండుసార్లూ వారాల తరబడి గేటు ముందు నిలబడి, పిలిపించుకుని మళ్లీ పనిలో చేరింది. ఒడ్డూ పొడవూ ఉన్న మనిషి. మోకాళ్ల దాకా జుట్టు. ముడేసి కొప్పు పెట్టుకుంటే దాని మీద బిందె నిలబడుతుందని డిపోలో ఆడవాళ్లు ఏడిపించేవాళ్లు. ఆమె చెల్లెలు చిన్నపొన్ను కూడా మా దగ్గరే, పక్క సందులో ఊడుస్తుంది. అయిదేళ్లు చిన్నదైనా అదే ముక్కు, అదే గడ్డం. కొట్ల సేట్లు ఒకరిని తిట్టబోయి ఇంకొకరిని తిట్టేవాళ్లు.

రాజలక్ష్మి కూతురు వినోదినికి రెండు కాన్పులు నిలవలేదు. మూడోది మొన్న ఫిబ్రవరిలో. ఆడపిల్ల పుట్టింది గానీ పదకొండు రోజులు అద్దాల పెట్టెలో ఉంది. ఆ పదకొండు రోజులూ రాజలక్ష్మి ఆసుపత్రి వరండాలోనే పడుకుంది. అంతకుముందు ఏళ్లల్లో ఎప్పుడూ సెలవు పెట్టని మనిషి దగ్గర మిగులు రోజులు ఉండాలి కదా అనుకుంటారు. కూతురి కడుపు నిలబెట్టడానికి ఏడాదంతా ఆసుపత్రుల చుట్టూ తిరగడంలోనే అవి కరిగిపోయాయి. బిడ్డ బతికింది. మార్చి మొదట్లో ఒక ఆదివారం పొద్దున బండెక్కి తిరుపతి వెళ్లి, మొక్కు ప్రకారం తలనీలాలు ఇచ్చేసి వచ్చింది.

సోమవారం పొద్దున గుండుతో, గుండు మీద చందనంతో డిపోకు వచ్చింది. మొహం వెలిగిపోతోంది. అందరికీ లడ్డు తుంపి చేతుల్లో పెట్టింది. తర్వాత నంబరు నొక్కి టాబ్లెట్ ముందు నిలబడింది. ఎర్ర గీత వచ్చింది.

"చందనం కడుక్కోని రాక్కా" అన్నారెవరో. కడుక్కుని వచ్చింది. ఎర్ర గీతే. కొంగు తల మీద కప్పుకుని చూసింది. ఎర్ర గీతే.

"ఏడుకొండలోడు గుర్తు పట్టినాడు, ఇది గుర్తు పట్టలేదేమక్కా!" అంది చిన్నపొన్ను. అందరం నవ్వాం. రాజలక్ష్మి కూడా నవ్వింది. "నన్నే తెలీదంటాదే ఇది! సరి, రేపటికి తెలుస్తాదిలే" అని చీపురు తీసుకుని సందులోకి వెళ్లిపోయింది.

నేను నవ్వుతూనే లెక్క వేసుకున్నాను. ఆమెకు ఇంకా పదిహేను రోజులు కావాలి. మార్చి నెలాఖరుకు ఆ రోజుతో కలిపి పద్దెనిమిది పనిదినాలు ఉన్నాయి.

మర్నాడూ ఎర్ర గీతే వచ్చింది. నేను జోన్ ఆఫీసుకు వెళ్లాను. నివేదిత ట్రైనింగ్ కోసం వేరే ఊరు వెళ్లిందట. కంప్యూటర్ దగ్గర అనంత్ అనే కుర్రవాడు ఉన్నాడు. మర్యాదస్తుడే, నన్ను కూర్చోమన్నాడు.

"ముఖం కొత్తగా ఎక్కించాలంటే రాజలక్ష్మి లాగిన్‌లోంచే రిక్వెస్ట్ రావాలి మేస్త్రీ" అన్నాడు.

"ఆ లాగిన్ ఎట్ల తెరిచేది తంబీ?"

"ముఖం చూపించి."

వేళాకోళం ఆడుతున్నాడేమోనని అతని మొహంలోకి చూశాను. లేదు. తన మాట తనకే వినబడినట్టు కాసేపు తెల్లబోయి, "మేస్త్రీలు పాత మనుషుల పేర్ల మీద కొత్త ముఖాలు ఎక్కించకుండా అట్ల పెట్టినారు" అని గొణిగాడు. చివరికి ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చాడు. సాయంత్రం నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ విన్నపం పరిశీలనలో ఉంది అని. బుధవారం కూడా అదే మెసేజ్. బుధవారం కూడా ఎర్ర గీతే.

నివేదిత నంబరు నా జేబులోనే ఉంది. చేయాలని తోచలేదా అంటే, తోచింది. కానీ ఇరవై తొమ్మిదేళ్లలో నేను ఏ ఆఫీసరుకూ ఫోన్ చేసి ఎరగను. ఆఫీసర్లు మనకు చేస్తారు, మనం లేచి నిలబడి మాట్లాడతాం. ఒక ఊడ్చే ఆడమనిషి గుండు సంగతి చెప్పడానికి ట్రైనింగ్‌లో ఉన్న ఆఫీసరుకు ఫోన్ చేయడమా? ఆమె చేయమంది నిజమే, మర్యాదకు అందనుకున్నాను. ఈ అలవాటే మా కొంప ముంచింది.

గురువారానికి సరిగ్గా పదిహేను రోజులు మిగిలాయి. ఒక్క ఎర్ర గీత వచ్చినా లిస్టు లేదు. అప్పుడు నా పాత బుర్ర పని చేసింది. చిన్నపొన్నును పక్కకు పిలిచాను.

"మీ అక్క నంబరు నొక్కి నీ ముఖం చూపించు. ఊరికే చూద్దాం."

రాజలక్ష్మి వింది. "వద్దు మేస్త్రీ. నేనే ఈడ నిలబడుకోని ఉండాను గదా. నా బదులు అదెందుకు నిలబడాల?" అంది.

నాకు కోపం వచ్చింది. నాకు కోపం ఎక్కువని డిపోలో అందరికీ తెలుసు. "నువ్వు ఈడ నిలబడుకోని ఉండావని నాకు తెలుసు, దానికి తెలీదు గదా! రెండుసార్లు గేటు కాడ పడిగాపులు కాసినావు, ఇంకా కాస్తావా? నీతి మాట్లాడేదానికి ఇదా టైము? నువ్వు వస్తా ఉండావు, పని చేస్తా ఉండావు. దీంట్లో దొంగతనం ఏముండాది?"

చిన్నపొన్ను అక్క నంబరు నొక్కింది. ముఖం చూపించింది. మొదటిసారికే పచ్చ గీత వచ్చింది.

డిపోలో ఈలలు వేశారు. నేను మీసం తిప్పుకున్నాను. ఆ పిల్ల ఆఫీసరు తెచ్చిన యంత్రానికి ఈ ముసలి మేస్త్రీ మందు కనిపెట్టాడని గొప్పగా ఉంది నాకు. రాజలక్ష్మి మాత్రం చీపురు భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆ పదిహేను రోజులూ చిన్నపొన్ను రెండు నంబర్లకూ తన ముఖమే చూపించింది. రాజలక్ష్మి అందరికంటే ముందు వచ్చింది. ఆరింటికి రావాల్సిన మనిషి అయిదున్నరకే సందులో ఉండేది. తన సందు అయిపోయాక చెల్లెలి సందులో సగం ఊడ్చేది. ఎండ ముదిరింది. గుండు మీద తడి తువ్వాలు కప్పుకుని, అట్టపెట్టెల ముక్కలూ ప్లాస్టిక్ కవర్లూ బండిలోకి ఎత్తుతుంటే చూసి, "కొంచెం నీడకు రామ్మా" అనేవాణ్ణి. వచ్చేది కాదు. ముఖం తనది కాకపోయినా పని తనదేనని ఎవరికో చూపించుకుంటున్నట్టు ఉండేది. మార్చి ముప్పై ఒకటిన రెండు వందల నలభై అయ్యాయి. ఆ రోజు ఆమె నవ్వింది.

ఏప్రిల్ రెండో వారంలో ఇద్దరి నంబర్లూ ఆగిపోయాయి. ఒకే ముఖం, రెండు నంబర్లు అని వచ్చింది. గోడ మీది పలక ఒక్కో ముఖాన్ని విడిగా చూసి ఊరుకుంది గానీ, పైన ఎక్కడో ఉన్న పెద్ద యంత్రం లిస్టు తయారు చేసేముందు అందరి ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూసిందట. రాజలక్ష్మిని రాజలక్ష్మి కాదన్నది ఒక యంత్రం. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక్కటే మనిషన్నది ఇంకొకటి. లిస్టులోంచి రెండు పేర్లూ పోయాయి. చిన్నపొన్నుకు అన్ని రోజులూ సరిగ్గా ఉన్నాయి, పాపం. ఆమె చేసిందల్లా నా మాట వినడమే.

జోన్ ఆఫీసుకు ముగ్గుర్నీ పిలిచారు. నివేదిత ముందు కంప్యూటర్ ఉంది. ఆమె మొహం చూస్తే సరిగ్గా నిద్రపోయినట్టు లేదు. కూర్చోమంది. అక్కాచెల్లెళ్లు నిలబడే ఉన్నారు, నేనూ నిలబడ్డాను.

"మార్చిలో మూడు రోజులు మీకు ఎర్ర గీత వచ్చిందని ఉండాదమ్మా ఇక్కడ" అంది రాజలక్ష్మితో. తర్వాత నా వైపు తిరిగింది. "నాకు ఒక్క ఫోన్ చేసుంటే పైన చెప్పి కొత్త ముఖం ఎక్కించి ఉందును, రెండు నిమిషాల పని మేస్త్రీ! అందుకే గదా నంబరు ఇచ్చింది!"

నేను తల వంచుకున్నాను.

ఆమె తెరను మా వైపు తిప్పి అందులో ఉన్నది చదివి చెప్పింది. మూడు గడులు ఉన్నాయి. ఏదో ఒకటి టిక్ పెడితేనే ఫైలు ముందుకు పోతుంది. మొదటిది, ఇద్దరూ తెలిసి చేశారు. అలాగైతే ఇద్దరి పేర్లూ పోతాయి. రెండోది, ఒకరు రాకుండా, విషయం చెప్పకుండా రెండోవారి ముఖం వాడుకున్నారు. అలాగైతే రానివారి పేరు పోతుంది, రెండోవారు నిలుస్తారు. మూడోది, సూపర్‌వైజర్, అంటే మేస్త్రీ, చెప్పి చేయించాడు. అలాగైతే ఇద్దరి పేర్లూ నిలుస్తాయి, సూపర్‌వైజర్ సస్పెండ్ అవుతాడు, విచారణ ఉంటుంది.

"నాలుగోది రాసేదానికి చోటు లేదు. నేనే అడిగి చూసినాను" అంది. ఆ తర్వాత నన్నే చూస్తూ మెల్లగా అడిగింది. "మేస్త్రీ, మీరు చెప్పినారా?"

ఇక్కడ అబద్ధం రాయలేను. నాకు రిటైర్‌మెంట్ నాలుగు నెలల్లో ఉంది. సస్పెండ్ అయితే పెన్షన్ ఆగుతుంది, విచారణ ఎన్నేళ్లు సాగుతుందో దేవుడికే తెలుసు. ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానని చెబితే అదీ అబద్ధమే. ఏమీ ఆలోచించలేదు. భయపడ్డాను, అంతే. నాకు కోపం ఎక్కువని డిపోకంతా తెలుసు, ఇంత పిరికివాణ్ణని మాత్రం నాకే తెలియదు.

"నాకు తెలీదు మేడం" అన్నాను.

చిన్నపొన్ను గిరుక్కున నా వైపు తిరిగి నోరు తెరిచింది. రాజలక్ష్మి ఆమె మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుందని చిన్నపొన్ను మొహమే చెప్పింది. రాజలక్ష్మి నన్ను చూసింది. తిట్టినా బాగుండేది. ఎండలో నిలబడి బస్సు కోసం చూసే మనిషి, అది ఆగకుండా వెళ్లిపోతే ఎలా చూస్తుందో అలా ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది.

"ఆయనకు తెలీదు మేడం. పొన్నుకు గూడా తెలీదు" అంది. "గోడ మీది పలక రిపేరు, దినమూ నా నంబరు గూడా నొక్కి చూడుమే అని దాన్ని పంపినాను. నేను రాలా."

"ఎందుకు రాలేదమ్మా?"

రాజలక్ష్మి తల మీద కొంగు ముందుకు లాక్కుంది. అర అంగుళం జుట్టు మొలిచింది అప్పటికి.

"గుండు కొట్టించుకున్నానని అందరూ నవ్వినారు మేడం. బయటికి రావాలంటే సిగ్గేసింది. ఇంట్లోనే ఉండిపొయినాను."

మనవరాలు బతికిందని సంతోషంగా ఇచ్చిన జుట్టు అది. ఆ గుండుతోనే డిపో అంతా తిరిగి లడ్డు పంచింది. ఆ గుండుకు సిగ్గుపడ్డానని చెల్లెలి కోసం, నా కోసం చెప్పింది. ఆ మాటకు స్వామి ఏమనుకుంటాడోనని లోపల ఎంత వణికి ఉంటుందో!

నివేదిత నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాంతో పాటే కోపమూ వచ్చింది. "తొమ్మిదేళ్లు వచ్చినారే, ఒక్క పదిహేను రోజులు రాలేకపొయినారా అమ్మా?" అంది.

"తప్పయిపొయింది మేడం."

రెండో గడిలో టిక్ పడింది. తనకేమీ తెలియదని చిన్నపొన్ను తెర మీద వేలితో సంతకం పెట్టింది. పెడుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. తాను రాలేదని రాజలక్ష్మి సంతకం పెట్టింది. మేమందరం బయటికి వచ్చాం. మెట్ల మీద నేను "అమ్మా" అన్నాను. ఆమె ఆగలేదు.

రెండు రోజుల తర్వాత మేస్త్రీల వాట్సాప్ గ్రూపులో పైఆఫీసు నుంచి ఒక మెసేజ్ వచ్చింది. దొంగ హాజరు పట్టుబడిన డిపోల్లో సూపర్‌వైజర్ తప్పు ఏమీ లేని డిపో మాదేనట. నా పేరు రాసి పక్కన చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. దాని కింద నలభై మంది మేస్త్రీలు చప్పట్ల బొమ్మలు పెట్టారు. అది చూశాక నాకు అన్నం సహించలేదు. చొక్కా వేసుకుని బేసిన్ బ్రిడ్జి దగ్గర రాజలక్ష్మి వాళ్లింటికి వెళ్లాను.

ఆమె గడపలో కూర్చుని మునగాకు దూస్తోంది. లోపల వినోదిని బిడ్డకు పాలిస్తోంది. నన్ను చూసి రాజలక్ష్మి కాస్త పక్కకు జరిగింది, కూర్చోమనలేదు.

"నేను పొయ్యి మేడంకు నిజం చెప్పేస్తానమ్మా. నేనే చేయించినానని చెప్తాను. నన్ను ఏం చేస్తే అది చేయనీ" అన్నాను. దారంతా ఆ మాటలే అనుకుంటూ వచ్చాను. అనేశాక ఛాతీ తేలికపడింది కూడా.

"ఇప్పుడా?" అంది.

నేను తలూపాను.

"పొన్ను సంతకం పెట్టుండాది మేస్త్రీ, తనకేం తెలీదని. మీరు నిజం చెప్తే దాని సంతకం అబద్ధమైపోతాది. దాని పేరు గూడా కొట్టేస్తారు." మునగ రెమ్మ పళ్లెంలో పెట్టి నన్ను చూసింది. "ఆ పొద్దు చెప్పుంటే అందరం నిలబడుకోని ఉందుము. ఇప్పుడు మీరు ఎవరికీ చెప్పేదానికి లేదు. చచ్చేదాకా చెప్పొద్దు."

నాకు ఏడుపొచ్చింది. అరవై ఏళ్లు దగ్గర పడుతున్నవాణ్ణి, నడివీధిలో నిలబడి ఏడ్చాను. ఆమె ఊరుకోమని అనలేదు. నేను కళ్లు తుడుచుకునేదాకా ఆగింది.

"ఒకటి అడుగుతాను, చెప్తారా?" అంది.

"అడుగమ్మా."

"ఆ పదిహేను రోజులూ నేను వచ్చినాను గదా?"

"వచ్చినావు."

"ఊడ్చినాను గదా?"

"ఊడ్చినావు. నీ సందూ ఊడ్చినావు, చెల్లెలి సందూ ఊడ్చినావు."

"మీరు చూసినారు గదా?"

"చూసినానమ్మా" అన్నాను.

రాజలక్ష్మి తలాడించి, ఇంకో రెమ్మ అందుకుంది. ఆ మాట నేను ఆఫీసులో, నివేదిత అడిగినప్పుడు అనాల్సింది.